లైన్ బంద్ అయిందన్న మాట

ఈ పనిలోకి కొత్తగా వచ్చే ఇంజనీర్లు నన్ను కలిసినప్పుడు మొట్టమొదట అడిగేది ఒకటే: "మేడమ్, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?" ఆ ప్రశ్న వింటే నాకు ఒళ్లు మండుతుంది. కోపం వాళ్ల మీద కాదు, వాళ్లకు మరో ప్రశ్న నేర్పని మా తరం పెద్దల మీద. సాఫ్ట్‌వేర్ ఏదైనా ఒకటే. మీరు నిజం వేస్తే నిజం చెబుతుంది. అబద్ధం వేస్తే ఆ అబద్ధాన్నే రంగురంగుల గీతలుగా గీసి చూపిస్తుంది. ఆ గీతలు చూసి పెద్దవాళ్లు తలలూపుతారు, సంతకాలు చేస్తారు. ఆ తర్వాత ఎవరో ఒకరు స్తంభం ఎక్కుతారు.

నా ఉద్యోగమంతా కరెంటు శాఖలోనే. అందులో ఎక్కువ భాగం సిస్టమ్ స్టడీస్ అనే విభాగంలో గడిచింది. పేరు బరువుగా ఉన్నా పని చెప్పడం సులువే. ఒక కొత్త లైనో, సోలార్ ప్లాంటో, బ్యాటరీయో కట్టకముందే, అది వచ్చి కలిస్తే ఊళ్లకు పోయే కరెంటు ఏమవుతుందో లెక్కగట్టి చెప్పాలి. వోల్టేజి పెరుగుతుందా, తగ్గుతుందా? ఏ తీగయినా వేడెక్కుతుందా? ఒకటి తెగిపడితే మిగతాది నిలబడుతుందా? ఇంతే. ప్రమోషన్ల గురించి, ఫైళ్ల గురించి నేనిక్కడ రాయను. వాటి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. బచ్చన్నపేట వైపున్న ఒకే ఒక్క లైను గురించి రాస్తాను. నాకు ఈ పని నేర్పింది అదే. నా కోపం ఇప్పటికీ చల్లారకపోవడానికి కారణమూ అదే.

వాన వెలిసిన మధ్యాహ్నం

వెనకటి రోజుల్లో కరెంటు ఒక దిక్కుకే పోయేది. ఎక్కడో పెద్ద స్టేషన్‌లో పుట్టి, సబ్‌స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి ఫీడర్ అనే లైను మీద నాలుగైదు ఊళ్లకు పోయేది. దూరం పోయేకొద్దీ వోల్టేజి తగ్గి, చివరి ఊళ్లో బల్బు గుడ్డిగా వెలిగేది. అందుకే సబ్‌స్టేషన్ దగ్గరే వోల్టేజిని కాస్త ఎక్కువ పెట్టి పంపేవాళ్లం. చివరి ఊరికి చేరేసరికి సరిపోయేది.

అలాంటి ఫీడర్ చివర్లో, పత్తి కూడా సరిగ్గా పండని మెట్ట మీద ఒక సోలార్ ప్లాంటు వచ్చింది. మంచిదే. సోలార్‌కు నేను వ్యతిరేకిని కాదు. మా జనగామ ఎండ ఎందుకైనా పనికొచ్చిందంటే నాకూ సంతోషమే. కానీ ఇప్పుడు కరెంటు లైను చివర్న కూడా పుడుతోంది. లెక్క మొత్తం మళ్లీ మొదటి నుంచి చూడాలి.

ప్లాంటు కంపెనీ పెట్టుకున్న కన్సల్టెంటు ఒక రిపోర్టు ఇచ్చాడు. ఎండాకాలంలో బావుల మోటర్లన్నీ నడిచే రోజును తీసుకుని, అంతా బాగుందని తేల్చాడు. నేను దాన్ని పట్టుకుని మా పెద్దసారు దగ్గరికి వెళ్లాను. ఆయన పేరు విద్యాసాగర్. తెలివైనవాడు, మంచి వక్త. ఎవరినీ నొప్పించకుండా ఎవరి పనైనా ఆపగలడు.

"సార్, వాన పడ్డ మర్నాటి సంగతి ఇందులో లేదు. ఆ రోజు రైతులు మోటర్లు పెట్టరు. ఎండ మాత్రం ఫుల్లుగా కొడుతుంది. ఆ కరెంటంతా ఎటు పోతుంది?" అన్నాను.

"అలాంటి రోజులు ఎన్ని వస్తాయమ్మా సుగుణా? నీ వాన కోసం ప్రాజెక్టు ఆపమంటావా?"

"ఆపమనట్లేదు సార్. ఆ ఒక్క కేసు చూడమంటున్నాను."

చూడమని ఆయన అనలేదు. నేనే చూశాను. మోటర్లు ఆగి ఎండ కాసే మధ్యాహ్నం, ఆ చివరి ఊళ్లో వోల్టేజి హద్దు దాటి పోతోంది. ఆ లెక్క ఆయన ముందు పెట్టాను. ఆయన చదివి, నవ్వి, "మంచి ఎక్సర్‌సైజు" అన్నాడు. అంతే, దాని కథ అక్కడితో ముగిసింది.

ప్లాంటు మొదలైన మొదటి వానాకాలంలోనే ఒకామె మా ఆఫీసుకు వచ్చింది. ఆమె పేరు షంషాద్. ఆ చివరి ఊళ్లో పిండి గిర్ని నడుపుతుంది కాబట్టి అందరూ గిర్ని షంషాద్ అంటారు. చేతిలో గోనెసంచి ఉంది. తిన్నగా పెద్దసారు గదిలోకి వెళ్లి, సంచిలోంచి నల్లగా కాలిన స్టార్టర్ తీసి ఆయన బల్ల మీద పెట్టింది. గదంతా కాలిన వాసన.

"గిది చూడు సారు. మోటర్ గూడ కాలింది. గది మోసుకొచ్చేటట్టు లేదు, లేకుంటే గదీ తెత్తుంటి."

"మీ ఇంటి వైరింగ్ బాగా లేదేమోనమ్మా."

"నా వైరింగ్ నా లగ్గమైనప్పటి సంది గదే సారు. మీ కరెంటే కొత్తది."

నేను నవ్వు ఆపుకున్నాను. నిజానికి అది నవ్వాల్సిన సంగతి కాదు. ఆ ఊళ్లో ఆ రోజు చాలా ఇళ్లలో ఫ్యాన్లు, టీవీలు పోయాయి.

మర్నాడు వోల్టేజి కొలవడానికి నేనే వెళ్లాను. ఆ సెక్షన్ లైన్‌మన్ యాకయ్య నన్ను బండి మీద తీసుకుపోయాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. నోరు ఊరుకోదు. స్తంభం స్తంభానికీ ఒక కథ చెబుతాడు. "మేడం, గీ పోల్ మీద కోతి సచ్చింది, గా పోల్ మీద నేను సావాల్సింది, తప్పిచ్చుకున్న" అని తనే పగలబడి నవ్వేవాడు. షంషాద్ గిర్నిలో మీటరు పెడితే నా లెక్క ఎంత చెప్పిందో దాదాపు అంతే చూపించింది. గెలిచినట్టు అనిపించాలి గదా. అనిపించలేదు. తెలిసి తెలిసీ కాలబెట్టామని మాత్రం అనిపించింది.

బ్యాటరీ అనే తారకమంత్రం

ఫిర్యాదులు పెరిగాక ప్లాంటు కంపెనీ బ్యాటరీ పెడతామంది. మధ్యాహ్నం ఎక్కువైన కరెంటును దాచుకుని సాయంత్రం ఇస్తుందన్నారు. మీటింగులో అందరి ముఖాలూ వెలిగిపోయాయి. ఈ కాలంలో బ్యాటరీ అన్న మాట వినబడితే చాలు, మనవాళ్లు ఇక ఆలోచించడం మానేస్తారు.

బ్యాటరీ మంచి వస్తువే. కానీ అది ఏ పూట నిండుతుంది, ఏ పూట ఖాళీ అవుతుంది, ఎవరి చెప్పుచేతల్లో నడుస్తుంది అన్నది తెలియకుండా దాన్ని స్టడీలో పెడితే, మీరు పెట్టింది బ్యాటరీని కాదు, మీ కోరికను. పొద్దున్నే నింపేసుకునే బ్యాటరీ మధ్యాహ్నం ఎండను ఎక్కడ దాచుకుంటుంది? నేను అడిగిన మొదటి ప్రశ్న ఇది.

రెండోది ఇంకా పెద్దది. బ్యాటరీని లైనుకు కలిపే యంత్రాన్ని ఇన్వర్టర్ అంటారు. అది రెండు రకాలుగా నడవగలదు. ఒక రకం, లైనులో కరెంటు ఉంటేనే దాని వెంట నడుస్తుంది, లైను ఆగితే తనూ ఆగుతుంది. రెండో రకం, లైను ఆగినా తనే సొంతంగా కరెంటును నిలబెడుతుంది. యంత్రం అదే. లోపల ఒక సెట్టింగ్ మారితే చాలు. ఈ రెండో రకంలో నడిస్తే, సబ్‌స్టేషన్‌లో మనం లైను ఆపేసినా, అవతలి చివర నుంచి ప్లాంటు ఆ లైనును బతికించి ఉంచుతుంది. ఇదంతా ఒక చిన్న ద్వీపంలా సొంతంగా నడుస్తుంది. అక్కడ ఎవరైనా తీగ ముట్టుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

"ఇది ఏ రకంలో నడుస్తుందో కంపెనీ నుంచి మనకు ఖాయంగా తెలియాలి. రేపు మార్చుకోకుండా కట్టుదిట్టం కావాలి. సబ్‌స్టేషన్‌లో లైనును ఆపే పెద్ద స్విచ్చు, అంటే మన బ్రేకర్, తీస్తే ప్లాంటు గేటు దగ్గర బ్రేకర్ కూడా దానంతట అదే పడిపోయేలా తీగ వేయాలి" అన్నాను.

"లైను ఆగితే బ్యాటరీ ఆగుతుందని వాళ్ల రిపోర్టులో ఉంది గదమ్మా" అన్నాడు విద్యాసాగర్.

"రిపోర్టులో ఉంది సార్. యంత్రంలో ఉందా?"

ఆయన ముఖం మాడ్చుకున్నాడు. "నీకు ప్రతిదానికీ భయమే. ఆడవాళ్లను ఈ సీట్లో కూర్చోబెట్టొద్దని నేను ముందే అన్నాను" అన్నాడు, పక్కనున్నవాళ్ల వైపు తిరిగి. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆ నవ్విన వాళ్లలో ఒక్కడు కూడా ఆ రిపోర్టు తెరిచి చూసినవాడు కాదు.

నేను సంతకం పెట్టనన్నాను. పెట్టేవాళ్లు దొరక్కపోరు, దొరికారు. నన్ను భూపాలపల్లికి పంపారు.

ఆ ఒక్క సంతకంతో ఇంకో అనర్థం జరిగింది. ఎవరూ దాన్ని గమనించలేదు. లైను ఆగితే ప్లాంటు దానంతట అదే ఆగుతుందని స్టడీ తేల్చింది కాబట్టి, లైను మీద పని చేసే ముందు ప్లాంటుకు ఫోన్ చేసి ఆపించాలన్న నియమం అక్కడ అక్కర్లేదనుకున్నారు. మా లెక్కలు కాగితం మీదే ఉండిపోవని పిల్లలు ముందుగా తెలుసుకోవాల్సింది ఇక్కడే. మనం రాసిన ఒక్క వాక్యం, స్తంభం కింద ఒక మనిషి వేసుకోవాల్సిన ఒక ప్రశ్నను చెరిపేస్తుంది.

అడవి దారి లైన్లు

భూపాలపల్లికి శిక్షగా పంపారు గాని, నాకది చదువైంది. మహదేవపూర్ వైపు అడవిలోంచి, వరి పొలాల మీదుగా పోయే లైన్లు ఉంటాయి. ఎక్కడో కొమ్మ పడితే లైన్‌మన్లు గంటల తరబడి తీగ వెంట నడిచి వెతకాలి. ఫోన్ సిగ్నల్ ఉండదు. వాళ్లతో కలిసి నేనూ నడిచాను. స్తంభం ఎక్కే ముందు వాళ్లు నమ్మేది ఒకే ఒక్క మాటను: సబ్‌స్టేషన్ ఆపరేటర్ చెప్పే "లైన్ బంద్ అయింది" అనే మాటను. తీగను చూస్తే అందులో కరెంటు ఉందో లేదో తెలియదు. రంగు మారదు, చప్పుడు రాదు. మా విభాగంలో ఏసీ గదుల్లో కూర్చుని మేం చేసే పనంతా చివరికి ఆ మాట నిజమయ్యేలా చూడడానికే. ఇది నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. అడవిలో, కాళ్లకు ముళ్లు గుచ్చుకుంటుంటే అర్థమైంది.

యాకయ్య

అక్కడ ఉండగానే జనగామ నుంచి పాత సహోద్యోగి ఫోన్ చేశాడు. "మేడమ్, యాకయ్య పడ్డాడు."

పట్టపగలు జరిగింది. లైను మీద ఒక పింగాణీ ఇన్సులేటర్ పగిలితే మార్చడానికి వెళ్లాడు. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైను ఆపించుకున్నాడు. ఆపరేటర్ బ్రేకర్ తీశాడు. "లైన్ బంద్ అయింది, ఎక్కు అన్నా" అన్నాడు. యాకయ్య ఎక్కాడు. తీగ ముట్టుకున్నాడు.

వరంగల్ దవాఖానలో చూశాను అతన్ని. ఎడమ చెయ్యి మోచేతి పైకి తీసేశారు. నోరు ఊరుకోని మనిషి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. భార్య సమ్మక్క మంచం పక్కన నిలబడి ఉంది. నన్ను చూసి ఏడవలేదు.

"మేడం, ఈయనదే తప్పంటున్నరు. గట్ల రాసుకొని పోయిన్రు. చెయ్యి పోయిన మనిషితోని ఏలు ముద్ర ఏయించుకుంటరా ఎవలన్న?"

అప్పుడు గోడ వైపు నుంచే యాకయ్య అన్నాడు: "బంద్ అయిందన్నరు మేడం. బంద్ అయిందంటెనే ఎక్కిన."

నేను బయటికి వచ్చి దవాఖాన మెట్ల మీద కూర్చున్నాను. అంత కోపం నా జీవితంలో ఎప్పుడూ రాలేదు.

న్యాయంగా ఒక సంగతి చెప్పాలి. ఎక్కే ముందు లైనులో కరెంటు లేదని చూసుకుని, ఉన్నా నేలలోకి దించేసే ఎర్తింగ్ రాడ్‌ను తీగకు తగిలించి, అప్పుడే ఎక్కాలి. యాకయ్య తగిలించలేదు. లైన్‌మన్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఎవరు ఏం చెప్పినా రాడ్ తగిలించకుండా ఎక్కకండి. కానీ ఆ సెక్షన్‌కు ఇచ్చిన రాడ్‌ను తీగకు బిగించే క్లాంపు విరిగి ఎన్నాళ్లయిందో, కొత్తది కావాలని ఎన్నిసార్లు అడిగారో కూడా విచారణలో రావాలి గదా? రాలేదు.

విచారణలో వచ్చింది ఇంకొకటి. బ్రేకర్ తీసి ఉంది, అయినా లైనులో కరెంటుంది. మరి ఎక్కడి నుంచి వచ్చింది? షంషాద్ గిర్ని నుంచట. ఆమె మోటరు కాలిపోయాక, కరెంటు మీద నమ్మకం పోయి, కొత్త మోటరుతో పాటు పాత డీజిల్ జనరేటర్ ఒకటి కొని గిర్ని వెనక పెట్టుకుంది. ఆమె దాన్ని నడిపి ఉంటుంది, ఆ కరెంటు వెనక్కి లైనులోకి ఎక్కి ఉంటుంది అని తేల్చారు. పోలీసులు వచ్చి జనరేటర్‌ను ట్రాక్టర్‌లో వేసుకుని పోయారు. ఆమె మీద కేసు పెట్టారు.

ఎంత సులువైపోయింది చూడండి. పనివాడిది నిర్లక్ష్యం, గిర్ని ఆమెది నేరం. ప్లాంటు ఊసే లేదు.

"మా ఊళ్లె కరెంటు పోనే లేదు"

సెలవు పెట్టి నేను ఆ ఊరికి పోయాను. షంషాద్ గిర్ని ముందు కూర్చుని ఉంది. పిండి ఆడించుకోవడానికి వచ్చినవాళ్లెవరూ లేరు. ఊళ్లోవాళ్లు ఆమె వల్లే యాకయ్య చెయ్యి పోయిందని రావడం మానేశారు.

"నువ్వు గూడ అడగనీకి వచ్చినవా మేడం?" అంది.

"అడగనీకే వచ్చిన. ఆ రోజు జనరేటర్ నడిపినవా?"

"ఎందుకు నడుపుత? కరెంటున్నది గదా!"

"కరెంటున్నదా? యాకయ్య లైన్ బంద్ చేపిచ్చిండు గదా. అప్పుడు నీకు కరెంటు పోలేదా?"

"మా ఊళ్లె కరెంటు పోనే లేదు మేడం. గిర్ని నడుస్తనే ఉండె. నేను జొన్నలు పోస్తున్న. యాకన్న పడ్డడని కేకలు ఇనవడ్డయి, గప్పుడు టక్కున ఆగింది. గీ ముచ్చట పోలీసోల్లకు జెప్పిన. ఒక్కడన్న రాసుకున్నడా?"

బ్రేకర్ తీశాక ఆ ఊరికి కరెంటు ఉండకూడదు. ఉంది. అంటే బ్యాటరీ లైనును నిలబెట్టే ఉంచింది. యాకయ్య ఒంట్లోంచి కరెంటు నేలలోకి దిగాకే ప్లాంటు యంత్రం ఆగింది; అతని ఒళ్లే ఆ ద్వీపాన్ని కూల్చింది. వీళ్లు విచారణ అని చేసినదాంట్లో, ఆ లైను మీద బతికే ఊళ్లోకి ఒక్కరూ వెళ్లి ఆ పూట కరెంటు పోయిందా అని అడగలేదు. ఇన్ని చదువులు, ఇన్ని కంప్యూటర్లు, ఒక్క ప్రశ్న లేదు.

తిన్నగా విచారణ అధికారి దగ్గరికి వెళ్లాను. పెద్దాయన. బద్ధకస్తుడు గాని దుర్మార్గుడు కాదు. ఆయన విద్యాసాగర్‌ను, ప్లాంటు మేనేజర్‌ను పిలిపించాడు. నేను చెప్పిందంతా విన్నారు. ప్లాంటు మేనేజర్ షంషాద్ మాటను పక్కవాడికి అనుకరించి చూపించి నవ్వాడు. "'నడుస్తనే ఉండె' అంట!"

"ఆమె మాట మీకు అర్థం కాకపోతే నన్నడగండి, విడమరిచి చెబుతాను. నవ్వితే మాత్రం ఊరుకోను" అన్నాను.

విచారణ అధికారి గొంతు సవరించుకుని, "ఇప్పుడేం చేయమంటావమ్మా?" అన్నాడు.

"అదే ఫీడర్, మంచి ఎండ ఉన్న మధ్యాహ్నం. లైను మీద ఎవరినీ ఎక్కనీయకుండా, సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ తీద్దాం. ఆ ఊళ్లో కరెంటు పోతుందో లేదో చూద్దాం."

విద్యాసాగర్ వెంటనే అందుకున్నాడు. "ప్రజలకు అంతరాయం కలిగించి ప్రయోగాలు చేయడం ఏం పద్ధతి?"

"అంతరాయం కలిగితే మీరు చెప్పిందే నిజం సార్. నన్ను సస్పెండ్ చేయండి. కలగకపోతే?"

విచారణ అధికారి కిటికీలోంచి బయటికి చూసి, "చేద్దాం" అన్నాడు. అప్పటిదాకా ప్లాంటులో ఏ సెట్టింగూ ముట్టుకోవద్దని మేనేజర్‌కు చెప్పాడు.

బ్రేకర్ తీశారు

ఆ రోజు గిర్నిలో చాలామందిమి ఉన్నాం. విచారణ అధికారి జొన్నల బస్తా మీద కూర్చున్నాడు. విద్యాసాగర్ తలుపు దగ్గర నిలబడ్డాడు, చేతులు కట్టుకుని. ఊళ్లోవాళ్లు బయట గుమిగూడారు. జనరేటర్ పోలీస్ స్టేషన్‌లోనే ఉంది కాబట్టి దాని పేరు చెప్పే అవకాశం ఎవరికీ లేదు.

షంషాద్ మోటరు ఆన్ చేసింది. బెల్టు తిరిగింది. నేను సబ్‌స్టేషన్ ఆపరేటర్‌కు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టాను. లైను మీద ఎవరూ లేరని, లైను పొడవునా మన మనుషులు కాపలా ఉన్నారని ముందే చూసుకున్నాం.

"బ్రేకర్ తీయండి."

"తీస్తున్న మేడం." ఫోన్లోంచే ఆ పెద్ద చప్పుడు వినబడింది. "తీసిన."

బెల్టు తిరుగుతూనే ఉంది. మోటరు గొంతు ఒక్క క్షణం కొద్దిగా మారి, మళ్లీ సర్దుకుంది. పైన బల్బు వెలుగుతూనే ఉంది.

విచారణ అధికారి లేచి నిలబడ్డాడు. నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. "బ్రేకర్ నిజంగా తీసినవా?"

"తీసిన సార్. ఇటు నుంచి కరెంటు పోతలేదు, మీటరంతా సున్న ఉన్నది."

షంషాద్ ఎవరి వైపూ చూడలేదు. ఒక చాటెడు జొన్నలు తీసుకుని గిర్నిలో పోసింది. పిండి కింద పడింది. ఆ పిండిని అరచేతిలోకి తీసుకుని విద్యాసాగర్ ముందు చాపింది.

"బంద్ వెట్టిన కరెంటు పిండి సారు. జర చూడు, ఎంత మెత్తగున్నదో."

ఆయన తలుపు దాటి బయటికి వెళ్లిపోయాడు. బయట ఊళ్లోవాళ్లు దారి ఇవ్వడానికి కాస్త ఆలస్యం చేశారు.

నేను ప్లాంటుకు ఫోన్ చేసి యంత్రాలను పూర్తిగా ఆపించాకే బ్రేకర్ తిరిగి వేయించాను. ఆ క్రమం మరిచిపోకండి. రెండు వైపులా బతికి ఉన్న లైన్లను చూసుకోకుండా కలిపితే ఊళ్లో మోటర్లన్నీ ఎగిరిపోతాయి.

ఆ తర్వాత ప్లాంటు మేనేజర్ నోరు విప్పాడు. మొదట్లో బ్యాటరీ రిపోర్టులో రాసినట్టే నడిచిందట. ఫీడర్ ఆగినప్పుడల్లా ప్లాంటు మొత్తం ఆగి, మళ్లీ మొదలుపెట్టడం వాళ్లకు తలనొప్పి అయింది. యంత్రం అమ్మిన కంపెనీ ఇంజనీరు తన ఊళ్లో కూర్చునే, ఇంటర్నెట్ మీదుగా సెట్టింగ్ మార్చేశాడు. మా పెద్దసారును ఫోన్లో అడిగితే "మీ లోపలి వ్యవహారమే గదా, చేసుకోండి" అన్నాడట. మళ్లీ స్టడీ చేయాలని ఎవరికీ తట్టలేదు. తట్టినా చేయించేవాళ్లు కాదు.

కాబట్టి కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. పాత రోజుల్లో యంత్రమంటే ఇనుము, రాగి. ఒకసారి కొలిస్తే ఏళ్ల తరబడి అలాగే ఉండేది. ఇప్పటి యంత్రం సగం ఇనుము, సగం ఎవరో రాసిన ఆదేశాలు. అవి నిన్న ఒకటి, ఇవాళ ఒకటి. మీ స్టడీలో ఉన్న బ్యాటరీ, బయట ఎండలో ఉన్న బ్యాటరీ ఒకటేనా అని ప్రతిసారీ అడగాలి. అడిగితే మిమ్మల్ని పిరికివాళ్లంటారు, ప్రాజెక్టుకు అడ్డమంటారు. అనిపించుకోండి. బదిలీ చేస్తే పొండి. భూపాలపల్లిలోనూ మనుషులే ఉంటారు.

బయ్యారం

షంషాద్ మీద కేసు ఎత్తేశారు. జనరేటర్ తిరిగి ఇచ్చారు గాని, అందులో ఒక భాగం ఎవరో పీకేసుకున్నారు. ఆమె పోలీస్ స్టేషన్ ముందు నిలబడి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. గిర్నికి జనం మళ్లీ వస్తున్నారు. సబ్‌స్టేషన్‌కు, ప్లాంటు గేటుకు మధ్య నేను మొదట్లో అడిగిన తీగ వేశారు. ఇప్పుడు ఒక బ్రేకర్ తీస్తే రెండోదీ పడుతుంది. దాని కోసం ఒక చెయ్యి పోవాల్సి వచ్చింది.

విద్యాసాగర్ మీద ఏ చర్యా లేదు. పదోన్నతి మీద పైకి పోయాడు. ఆయన రిటైరైన రోజున పెద్ద సభ చేశారట. పునరుత్పాదక విద్యుత్తుకు ఆయన చేసిన సేవ గురించి మాట్లాడారట. నన్ను పిలవలేదు. పిలిచినా ఆ దండల మధ్య నా నోరు ఊరుకునేది కాదు.

యాకయ్యను బయ్యారం దగ్గర ఒక సబ్‌స్టేషన్‌లో కూర్చుని చేసే పనిలో పెట్టారు. అది సమ్మక్క పుట్టింటి వైపు. నేను రిటైరయ్యాక ఒకసారి చూడటానికి పోయాను. ఫోన్ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఒంటి చేత్తోనే నాకు కుర్చీ లాగాడు. లైన్‌మన్ల నుంచి ఫోన్లు వస్తుంటే ప్రతి ఒక్కరినీ ఒకటికి రెండుసార్లు అడుగుతున్నాడు: "రాడ్ తగిలిచ్చినవా? తగిలిచ్చి ఫోన్ చెయ్యి, గప్పుడే ఎక్కు." కొందరు విసుక్కుంటున్నారు. అతను పట్టించుకోవడం లేదు.

సమ్మక్క చాయ్ తెచ్చింది. తాగుతూ కాసేపు ఏవేవో మాట్లాడుకున్నాం. నడుమ అతను అడిగాడు.

"మేడం, ఆకర్కి నా తప్పు లేదని రాసిన్రా?"

"రాసిన్రు."

"మరి ఎవరి తప్పని రాసిన్రు?"

ఆ రిపోర్టు నేను చదివాను. "వివిధ విభాగాల మధ్య సమన్వయ లోపం" అని ఉంది. ఏ ఒక్క మనిషి పేరూ లేదు. అతనికి ఎలా చెప్పాలో తెలియక చాయ్ గ్లాసు కింద పెట్టాను.

"చెప్పు మేడం, ఏం కాదు."

"ఎవరి పేరూ రాయలే యాకయ్యా."

అతను నవ్వలేదు. ఖాళీగా వేలాడుతున్న చొక్కా చేతిని కుడి చేత్తో నెమ్మదిగా మడిచి, జేబులోకి దోపుకున్నాడు.

"గట్లనా మేడం? ఎవరి తప్పు లేకుంటనే పోయిందా నా చెయ్యి?"

ఫోన్ మోగింది. ఎత్తి, "రాడ్ తగిలిచ్చినవా?" అన్నాడు.